రాళ్ళప్ప కూడు

నేను పుట్టింది కన్నడ సీమలో, మిట్టేమరి పక్కన ఒక చిన్న తెలుగు పల్లెలో. మాది మెట్ట సేద్యం. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బాగేపల్లికి కూలి. అక్కడ ఉరుము వినబడితే మా అమ్మ చేతిలో పని ఏదున్నా వదిలేసి వాకిట్లోకి వచ్చి ఆకాశానికి నవ్వు ముఖం చూపించేది. వచ్చే వానకు చిట్లించిన ముఖం ఎదురు రాకూడదని మా ఇంటి కట్టుబాటు. అలా నవ్వి నవ్వి నాకూ అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే చిక్కబళ్ళాపురం దగ్గర ద్రాక్షతోటల ఊరికి కోడలిగా వచ్చాను.

వచ్చిన తొలి ఎండాకాలమే ఒక సాయంత్రం ఉరిమింది. నేను గబగబా వాకిట్లోకి వచ్చి, తల పైకెత్తి, నోరారా నవ్వాను. వెనక నుంచి మా అత్త వచ్చి వీపు మీద ఒకటి చరిచింది.

"ఏమ్మే, మా తోట నేలపాలు కావల్లని మీ పుట్టింటోళ్ళు చెప్పి పంపించినారా?"

అప్పటికి నాకు ఏమీ తెలియదు. ద్రాక్ష ఎండాకాలంలో తీపెక్కుతుంది. రాతి కూసాలు నాటి, వాటి మీద తీగలు లాగి, ఆ చప్పరం మీదికి చెట్టును పాకిస్తారు. గుత్తులు కిందికి, తలకు తగిలేటట్టు వేలాడుతుంటాయి. ఆ రోజుల్లో మామూలు వాన పడినా కాయ పగులుతుంది. వడగండ్లు పడితే కాయ మాట వదిలేయండి, ఆకు ఉండదు, రెమ్మ ఉండదు, వచ్చే ఏటి కాపు కూడా ఉండదు. అందుకే ఆ ఊళ్ళో ఏ దేవుణ్ణి ఏది అడిగినా చివర్లో "రాళ్ళు మాత్రం వద్దు సామీ" అని కలిపేవాళ్ళు. వడగండ్లు మొదలైతే ఇంట్లో ఉన్న ఇనుమంతా, కొడవలి, గుద్దలి, కత్తిపీట, ఏది చేతికి దొరికితే అది వాకిట్లోకి విసిరేవాళ్ళు. ఇనుము చూస్తే రాళ్ళు తగ్గుతాయని నమ్మకం. మా అత్త ఒకసారి ఇస్తిరిపెట్టె కూడా విసిరింది. రాళ్ళు తగ్గలేదు, ఇస్తిరిపెట్టె పిడి విరిగింది.

ఆ ఇంట్లో నలుగురం పెద్దవాళ్ళం. మా అత్త, నా భర్త, నేను, మా బావ. బావ అంటే నా భర్తకు అన్న. తోట పెత్తనం ఆయనదే. ఆయన భార్య పెళ్ళయిన మూడో ఏడే చింతామణిలోని పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో నాకు కాపురానికి వచ్చిన నెలకే తెలిసింది. ఆయనకు కోపం వస్తే చేతిలో ఉన్నది నిలవదు. చెంబు, పళ్ళెం, రాయి, పార, ఏదైనా సరే విసురుతాడు. గురి ఎప్పుడో గాని తప్పేది కాదు. తోటలోకి వచ్చిన కుక్కను అంత దూరం నుంచి ఒక్క రాయితో పడగొట్టేవాడు. ఒకసారి మోటరు కాలిపోయిందని నీళ్ళ పైపు తీసుకుని నా భర్తను గొడ్డును బాదినట్టు బాదాడు. నా భర్త తలుపుకు ఆనుకుని నిలబడి దెబ్బలు తిన్నాడే గాని నోరు తెరవలేదు. తరువాత నేను వీపుకు నూనె రాస్తుంటే మా అత్త గడప దగ్గర కూర్చుని చెప్పింది.

"అరిస్తే వానికి ఇంకా ఎక్కువైతాది మే. సద్దు చేయకుండా ఉంటే వాడే అలిసిపోతాడు. నేను నలభై ఏండ్లు వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న ఇద్దె ఇది."

తమ్ముడి భార్య భర్త అన్న ఎదుట నిలబడి మాట్లాడకూడదని కూడా అక్కడి కట్టుబాటు. నేను ఆయనతో ఒక్క మాట నేరుగా ఆడలేదు. కూడు పెట్టానని స్తంభానికి చెప్పేదాన్ని. నాకు కూతురు పుట్టి మాటలు వచ్చాక స్తంభానికి ఆ పని తప్పింది. "పాపా, పెద్నాయనకు సంగటి పెట్టినామని చెప్పు" అనేదాన్ని, మూడడుగుల దూరంలో కూర్చున్న ఆయన వింటూనే ఉండేవాడు.

నాకు చదువు తక్కువ. కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా పోయి మేకల వెనక్కి వచ్చేశాను. అయితే కథలు మాత్రం నోట్లో ఊరేవి. ద్రాక్ష గుత్తుల్లో ఇరుక్కున్న కాయలను చిన్న కత్తెరతో తీసే పని ఒకటుంటుంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా చప్పరం కింద మెడ వెనక్కి వంచి నిలబడాలి. ఆ మెడనొప్పి మరిచిపోవడానికి ఆడవాళ్ళం ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళం. నా కూతురు సెలవుల్లో కాళ్ళ దగ్గర తిరుగుతూ కథ అడిగేది. ఊళ్ళో ఉన్న దేవుళ్ళ కథలు అయిపోయాయి. అందుకని నేనే కొందరిని పుట్టించాను. వాళ్ళకు గుడి లేదు, పూజ లేదు. మా చప్పరం పైన ఉన్నంత ఆకాశమే వాళ్ళ ఇల్లు.

ఆ ఇంటికి పెద్ద మబ్బవ్వ. ఆమెకు నలుగురు పిల్లలు. పెద్దవాడు గాలన్న, ఇల్లు పట్టకుండా తిరిగేవాడు. రెండోది సోనక్క, తుంపర వాన, సన్నగా, మెల్లగా మాట్లాడేది. మూడోది ఇబ్బనమ్మ, పొద్దుటి మంచు, తెల్లారక ముందే లేచి గడ్డి తడిపి పోయేది. నాలుగోవాడు పుట్టేటప్పటికి మబ్బవ్వ కుండల్లో కూడు అయిపోయింది. వాడు అడిగాడు, లేదంది. వాడు కుండను ఒక్క తన్ను తన్నాడు. కుండ పగిలింది. ఆ పగిలిన సద్దు వాడి చెవిలో పడగానే కడుపు నిండింది. అప్పటి నుంచి విరిగే సద్దే వాడి కూడు. వాడు రాళ్ళప్ప.

నా కూతురికి మిగిలిన ముగ్గురూ అక్కరలేదు. రాళ్ళప్పే కావాలి.

"అమ్మా, ఆకు చినిగితే రాళ్ళప్పకు ఏం?"

"బొరుగులు. పిడికెడు నోట్లో వేసుకుని పోతాడు."

"పెంకు పగిలితే?"

"సంగటి ముద్ద."

"ఎవురన్నా అరిస్తే?"

"అది ఓళిగ. బెల్లం పూర్ణం పెట్టి నెయ్యి వేసిన ఓళిగ. ఒకటి తింటే ఇంకోటి కావల్లంటాడు, ఇంకో పిడికిలి రాళ్ళు ఇసురుతాడు."

"మరి అరవకుంటే?"

"ఆకలికి తట్టుకోలేక మబ్బవ్వ దగ్గరికి పోతాడు."

ఈ చివరి మాట నేను ఎప్పుడు కలిపానో నాకు బాగా గుర్తుంది. ఒక సాయంత్రం సంగటిలో రాయి తగిలిందని మా బావ పళ్ళెం విసిరాడు. నా భర్తకు గురి పెట్టింది నా మెడ కింద ఎముకకు తగిలింది. నేను గోడకు జారి కూర్చున్నాను. గుమ్మంలో నా కూతురు నిలబడి ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. దానికి ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకుంది. ఆ రాత్రి పక్కలో దానికి కథ చెబుతూ ఆ మాట కలిపాను. పిల్ల చేసింది తప్పు కాదని, తెలివని అనిపించాలని కలిపాను.

ఇంకో రోజు అది అడిగింది. "నువ్వు పిలిస్తే కూడా పలకొద్దా?"

కథ చెప్పేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. అడిగినదానికి తెలియదని చెప్పరు. "రాళ్ళప్ప అమ్మ గొంతుతో కూడా పిలుస్తాడు, నోరు తెరిపించడానికి" అన్నాను. "అట్లయితే నువ్వేనని ఎట్ల తెలుసుకునేది?" అంది. దానికీ ఒకటి చెప్పాను. మబ్బవ్వ సాయంత్రం పిల్లలందరినీ వరసగా కూటికి పిలుస్తుంది. గాలన్నా రా, సోనక్కా రా, ఇబ్బనమ్మా రా అని. రాళ్ళప్ప గొంతులు దొంగిలిస్తాడు గాని ఆ పిలుపు వాడికి నోరు తిరగదు. ఎందుకంటే వాడు పుట్టినప్పటి నుంచి ఎవరినీ కూటికి పిలిచి ఎరగడు. ఆ మాటకు చప్పరం కింద కూలికి వచ్చిన ఆడవాళ్ళు కత్తెరలు ఆపి నవ్వారు. "మీ బావ మాదిరే" అని ఒకామె గొణిగింది. నేను నవ్వలేదు. నవ్వితే ఒప్పుకున్నట్టు అవుతుంది.

నా కూతురు మూడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. ఇంకో నాలుగు రోజుల్లో కాయ కోతకు వస్తుంది. నా భర్త అట్టపెట్టెలు తేవడానికి చిక్కబళ్ళాపురం పోయాడు. బావ మోటరు ఇంటి దగ్గర ఉన్నాడు. నేనూ ఇద్దరు కూలి ఆడవాళ్ళూ కుళ్ళిన కాయలు ఏరుతున్నాం. మధ్యాహ్నం మూడు దాటేటప్పటికి గాలి ఆగిపోయింది. ఆకు కదలలేదు. నందికొండ వైపు నుంచి మబ్బు లేచింది. నల్లగా కాదు, కమిలిన దెబ్బ మానేటప్పుడు ఉండే రంగులో లేచింది.

"పాపా, అవ్వ దగ్గరికి పో, పరిగెత్తు" అన్నాను. అది గట్టు మీదుగా ఇంటి దిక్కు పోవడం చూశాను. మేము గంపలు నెత్తిన పెట్టుకుని అడ్డదారిలో పోయాం. సగం దారిలో మొదటి రాయి నా ముందు పడింది. కోడిగుడ్డంత ఉంది, నేల మీద పడి ఎగిరింది. రెండోది నా వెనక ఉన్నామె భుజం మీద పడింది. ఆమె కూలబడింది. గంపను ఆమె తల మీద బోర్లించి ఇద్దరం చెరో రెక్క పట్టి ఈడ్చుకుంటూ ఇంటికి చేరాం.

అప్పటికి లోకం మొత్తం పగులుతూ ఉంది. పెంకులు పగిలి ఇంట్లోకి పడుతున్నాయి. పశువుల కొట్టం మీద రేకులు మనిషి మాట వినబడనీయకుండా మోగుతున్నాయి. కట్టేసిన ఆవు తాడు తెంపుకుని గోడకు తల కొట్టుకుంటూ ఉంది. మా అత్త గుమ్మంలో నిలబడి కొడవళ్ళు ఒకటొకటిగా వాకిట్లోకి విసురుతూ ఉంది. ఆమె నుదుటి నుంచి రక్తం కారి ముక్కు మీదికి వచ్చింది, తుడుచుకోలేదు.

"పాప యాడ?" అని నేను అరిచాను.

ఆమె చేతిలో కత్తిపీట ఆగిపోయింది. "నీతో కదమ్మే ఉండాది?"

గట్టు మీద పోయిన పిల్ల ఇంటికి రాలేదు. తరువాత తెలిసింది, సగం పోయి తన పలకసంచి చప్పరం కింద మరిచిపోయానని వెనక్కి తిరిగిందని.

నేను రాగి సంగటి కెలికే పెద్ద గుండి గిన్నెను బోర్లా తల మీద పెట్టుకుని బయటికి పడ్డాను. నెత్తి మీద దాని మోత నా పళ్ళ దాకా దిగింది. తోట అంచుకు చేరేటప్పటికి మోటరు ఇంటి వైపు నుంచి బావ వస్తున్నాడు. ఇసుక మోసే ఇనుప బాండ్లి తల మీద పెట్టుకున్నాడు. పాప ఇంటికి రాలేదని, ఆయనకు వినబడేటట్టు, తోటకు చెప్పి అరిచాను. మా కళ్ళ ముందే చప్పరం లేచింది. గాలి కింద నుంచి దూరి మూడెకరాల చప్పరాన్ని దుప్పటిని ఎత్తినట్టు ఒకసారి పైకి ఎత్తి, కాయ బరువుతో, మంచు బరువుతో కిందికి వేసింది. రాతి కూసాలు వరస వెంబడి వరస విరిగాయి. ఆ సద్దు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. రాళ్ళప్ప కడుపు అంతకుముందెప్పుడూ అంత నిండి ఉండదు.

రాళ్ళు తగ్గి వాన మిగిలింది. నేల తెల్లగా ఉంది. దాని మీద నల్లటి కాయ చితికి, ఎర్రగా పారుతూ ఉంది. గోరింకలు, చిలకలు రెక్కలు విప్పుకుని చచ్చి పడి ఉన్నాయి. పక్క తోటలో మేపుతున్న గొర్రె ఒకటి తల పగిలి కాళ్ళు కొట్టుకుంటూ ఉంది. కూలిన చప్పరం మోకాలి ఎత్తున ఉంది, కింద దూరడానికి సందు లేదు. తీగలన్నీ బిగుసుకుని ఉన్నాయి, ఒకటి తెగితే కొరడా అయిపోతుంది.

"పాపా" అని బావ అరిచాడు. "పాపా, యాడుండావే? పలకవే! పలుకు, లేకుంటే చంపేస్తా!"

ఆయనకు భయం వేసినా కోపం గొంతే వచ్చేది. వేరే గొంతు ఆయన దగ్గర లేదు.

నేనూ పిలిచాను. ఎంత పిలిచినా పలుకు లేదు. ఆయన కటింగు ప్లేయరుతో తీగ ఒకటి తెంపాడు. తెగిన కొస లేచి ఆయన చెంప మీద చెవి నుంచి నోటి దాకా చీల్చింది. ఆయన ఆ రక్తం తుడుచుకోకుండా రెండో తీగ పట్టుకున్నాడు. మళ్ళీ అరిచాడు. మళ్ళీ బూతు కలిపి అరిచాడు. మూడెకరాల్లో ఎక్కడని తెంపుతాడు? మళ్ళీ మబ్బు దిగుతూ ఉంది. చచ్చిపోయిందా, స్పృహ లేదా అనుకుంటుంటే అప్పుడు తట్టింది. చచ్చిపోలేదు. నోరు మూసుకుని ఉంది. నేను చెప్పినట్టే చేస్తూ ఉంది.

పదేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన ముఖం చూసి మాట్లాడాను.

"బావా, నోరు ముయ్యి."

ఆయన తీగ వదిలేసి నా వైపు తిరిగాడు.

"ఏమన్నావ్?"

"నోరు ముయ్యి అంటాండా. నీ గొంతుకు పాప పలకదు."

"ఏంటికి పలకదు? నేనేమన్నా దెయ్యమా?"

"నీ గొంతు ఇంటే నోరు మూసుకోవల్లని నేనే నేర్పించినా బావా. సద్దు చేస్తే ఇంకా కొడతాడని. నువ్వు పక్కకు రా. నేను పిలుస్తా."

ఆయన చెయ్యి లేచింది. ఆ చేతిలో ఇనుప ప్లేయరు ఉంది. నేను కళ్ళు మూసుకోలేదు, పక్కకు జరగలేదు. జరగడానికి నాకు టైము లేదు. ఆ చెయ్యి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు, ఎందుకంటే అప్పటికే నేను చప్పరం వైపు తిరిగి కథ మొదలుపెట్టాను.

ఆ వానలో, కూలిన తోట అంచున నిలబడి, గొంతు చిరిగేటట్టు మొదటి నుంచి చెప్పాను. ఆకాశంలో ఒక ఇల్లు ఉండాది. ఆ ఇంటికి పెద్ద మబ్బవ్వ. నాలుగోవాడు పుట్టేటప్పటికి కుండలో కూడు లేదు. వాడు కుండను తన్నినాడు. రెండో దఫా రాళ్ళు మొదలయ్యాయి. గుండి పెట్టుకుంటే నా గొంతు నాకే మోగుతుంది, బయటికి పోదు. దాన్ని తీసి పారేశాను. ఒక రాయి నా నోటి మీద పడింది. ముందు పన్ను సగం విరిగింది. రక్తంతో పాటు ఉమ్మేసి చెప్పాను. వానికి ఎవురూ కూడు పెట్టలేదు. అందుకే వాడు అందరి పళ్ళాలూ ఇసిరినాడు. అందరూ నోరు మూసుకుంటిమి. తమ్ముడు మూసుకున్నాడు, అమ్మ మూసుకున్నాది, మరదలు మూసుకున్నాది.

ఎప్పుడు మబ్బవ్వ పోయి మా అత్త వచ్చిందో, ఎప్పుడు రాళ్ళప్ప పోయి బావ వచ్చాడో నాకు తెలియలేదు. నా వెనక ఆయన బాండ్లి పట్టుకుని నిలబడి వింటున్నాడు. కొంతసేపటికి నా తల మీద రాళ్ళు పడడం ఆగింది. పైన బాండ్లి మోగుతూ ఉంది. ఆయన దాన్ని నా తల మీద పట్టుకున్నాడు. తన తల మీద ఏమీ లేదు.

"పొద్దు పోయింది" అని అరిచాను. "మబ్బవ్వ పొయ్యి మీద నుంచి కుండ దించినాది. పిల్లోళ్ళను కూటికి పిలుస్తాంది. గాలన్నా, రా. సోనక్కా, రా. ఇబ్బనమ్మా, రా." అంతటితో ఆ పిలుపు ఆగేది. ఆ రోజు ఇంకొకటి కలిపాను. "రాళ్ళప్పా, నువ్వూ రా నాయనా. వచ్చి కూచో. నీకూ పెట్టినా."

పిల్ల అరిచింది.

అది అరుపా, అంతసేపు మింగిందంతా ఒక్కసారి కక్కినట్టు వచ్చింది. మాకు పది బారల దూరంలోనే ఉంది. మేమిద్దరం ఇందాక దాని పక్క నుంచే అరుచుకుంటూ పోయాం.

బావ పరిగెత్తాడు. అక్కడ ఒక కూసం అడ్డంగా పడి, చుట్టచుట్టి పెట్టిన పాత నీళ్ళ పైపుల మీద ఆనుకుని ఉంది. ఆ సందులో పిల్ల. ఎడమ చెయ్యి కూసం కింద. లంగా అంచు నోట్లో కుక్కుకుని ఉంది. కింది పెదవిని ఆ గుడ్డతో పాటు కొరికేసింది. ఆయన తీగల మధ్యకు బోర్లా దూరి, వీపు కూసం కింద పెట్టి, నాలుగు కాళ్ళ మీద గొడ్డులాగా లేచాడు. రాళ్ళు ఆయన వీపు మీద పడుతున్నాయి. ఒక్కొక్కదానికీ ఆయన గొంతులోంచి మూలుగు వస్తూ ఉంది. ఆ ఇంట్లో మగవాడు దెబ్బకు నోరు తెరవడం అదే నేను మొదటిసారి వినడం.

"లాగు మే" అన్నాడు. కోపం లేకుండా ఆయన నాతో అన్న మొదటి మాట అది. నేను లాగాను.

వేరే తోట కాయ మోయడానికి వచ్చిన టెంపో ఒకటి రోడ్డు మీద ఆగి ఉంటే అందులో చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి పోయాం. పిల్ల చెయ్యి రెండు చోట్ల విరిగింది. పెదవికి కుట్లు పడ్డాయి. బావ చెంపకు కుట్లు వేస్తుంటే డాక్టరమ్మ కన్నడంలో నొప్పిగా ఉందా అని అడిగింది. ఆయన లేదన్నాడు. పక్క మంచం మీద నుంచి నా కూతురు, కుట్లు పడిన నోటితోనే, "నొప్పిగా ఉంటే అరువు పెద్నాయనా, ఇప్పుడు పర్వాలేదు" అంది. ఆయన గోడ వైపు తిరిగిపోయాడు.

మనిషి మారిపోయాడని చెబితే నేను అబద్ధం చెప్పినట్టు. తోట పోయింది. విరిగిన కూసాలు ఏరుతూ, ఎండిన మొదళ్ళు పీకుతూ ఆ నెలంతా ఆయన ముఖం చూడడానికి భయం వేసేది. ఒకనాడు పొద్దున నీళ్ళు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో, ఏదో సాకు, చెంబు ఎత్తాడు. నా భర్త తలుపుకు ఆనుకున్నాడు. మా అత్త కళ్ళు మూసుకుంది. నా నోరు కూడా అలవాటుగా మూసుకుంది, అబద్ధమెందుకు.

నా కూతురు నడింట్లో నిలబడి, పట్టీ వేసిన చెయ్యి ఎత్తి, అరిచింది. మాటలేమీ లేవు. వీధి చివర రాగులు ఎండబోసుకునే ముసలమ్మ దాకా వినబడేటట్టు అరిచింది. చెంబు గోడకు తగిలింది. అది ఇంకా గట్టిగా అరిచింది. అరవై గడపల ఊళ్ళో ఒక అరుపు ఎంత మందిని తెస్తుందో మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. గుమ్మం నిండిపోయింది. ఎదురింటాయన, పాలు పోయడానికి పోతున్నవాళ్ళు, ఆ ముసలమ్మ, అందరూ వచ్చి నిలబడ్డారు.

"ఏమైంది పాపా?" అని ఒకాయన అడిగాడు.

"మా పెద్నాయన చెంబు ఇసిరినాడు" అంది అది, లెక్క అప్పజెప్పినట్టు.

ఆయన అందరి మధ్యా ఒట్టి చేతులతో నిలబడ్డాడు. ఆ రోజు నుంచి పడక మోటరు ఇంటికి మార్చుకున్నాడు. కూడు అక్కడికే పంపేదాన్ని. మళ్ళీ ఎప్పుడూ విసరలేదని చెప్పను. మా ఇంట్లో మాత్రం విసరలేదు.

కట్టు విప్పిన తరువాత ఒక సాయంత్రం నేనూ పిల్లా సంగటి తీసుకుని పోయాం. ఆయన బయట రాయి మీద కూర్చుని కొత్త తీగను చుట్ట విప్పుతున్నాడు. చెంప మీద గాయం లావుగా మానింది. పళ్ళెం అందుకుంటూ, నన్ను కాదు, పిల్లను అడిగాడు.

"ఏం పాపా, మీ రాళ్ళప్ప ఇంకా ఉండాడా?"

"ఉండాడు."

"అరిస్తే వానికి ఓళిగ కదా? నువ్వేమో వీధంతా అరుస్తాండావు. వాడు బలిసిపోడా?"

పిల్ల ఆ సంగతి ముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. వెంటనే చెప్పింది.

"మెల్లగా అరిస్తే ఒక ఓళిగ పెద్నాయనా. తిని ఇంకోటి అడుగుతాడు. గట్టిగా అరిస్తే నూరు ఓళిగలు ఒకేతూరి పోయి వాని కడుపు పగిలిపోతాది. మా అమ్మ కత తప్పు చెప్పింటాది. నేను సరి చేసినా."

ఆయన సంగటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ మచ్చ లాగి నమలడం కష్టంగా ఉన్నట్టుంది, చాలాసేపు నమిలాడు. నేను వింటున్నానని తెలిసే, పిల్లకే చెప్పాడు.

"మీ అమ్మకు చెప్పు. సంగటి బాగుండాదని."